గాలి వేసిన కుర్చీ

దేవిదాస్ పటేల్ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉండేవి. నాట్ల పని మాట్లాడుకోవడానికి తండా నుంచి భీమ్లి వచ్చేది, వెంట కూతురు వనిత. ఇద్దరూ గడప కింద, మోకాళ్లు రొమ్ముకు ఆనించి గొంతుక్కూర్చునేవారు. కుర్చీ ముట్టొద్దని వాళ్లతో ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు. బాన్సువాడ చుట్టుపక్కల ఇది ఇప్పటికీ వింత కాదు. పటేల్ కూతురు ప్రియదర్శిని కుర్చీలో కూర్చుని కాళ్లూపుతుంటే, వనిత ఆ కాళ్లనే చూస్తూ ఊరుకునేది.

ఆ కాళ్లే హైదరాబాద్‌లో మళ్లీ కనబడ్డాయి, ఈసారి గాలిలో. వనిత పనిచేసే చోట పెద్ద గాజు గొట్టం ఉంది. అడుగు నుంచి తన్నుకొచ్చే గాలి మనిషిని పైకి లేపుతుంది. విమానం ఎక్కకుండానే స్కైడైవింగ్ నేర్పుతారక్కడ. వచ్చినవాళ్లకు సూటు తొడిగి, హెల్మెట్ బిగించడం వనిత పని. బోర్లా తేలడం ఆమె ఎప్పుడో నేర్చింది. ఆ తర్వాతిది ఫ్రీఫ్లై, అంటే నిలబడి, కూర్చుని, తలకిందులుగా ఎగరడం. అందులో మొదటి మెట్టు గాలిలో కూర్చోవడం. అది వస్తే శిక్షకురాలి పనికి తీసుకుంటామని యజమాని మాటిచ్చాడు. అదే రావడం లేదు. ప్రతిసారీ గాలి ఆమెను గిరగిరా తిప్పి కింది వల మీద పడేస్తోంది.

సరదాకు నేర్చుకోవడానికొచ్చిన ప్రియదర్శిని మాత్రం కొద్దిరోజుల్లోనే కూర్చుంది. వీపు నిటారుగా, తొడలు ఎడంగా, పాదాలు చదునుగా. గాజుకు ఇవతల వనిత పళ్లు కొరికింది. దీనికి గాలి కూడా కుర్చీ వేసిందా?

"ఏందే వనితా, గట్ల మింగేటట్టు చూస్తున్నవ్?" బయటికొచ్చి నవ్వింది ప్రియదర్శిని. "జర హెల్మెట్ తియ్యరాదే."

వనిత తీసింది. పట్టీ కొంచెం మొరటుగానే లాగింది.

ఆ సాయంత్రం శిక్షకుడు సాయిప్రసాద్ ఆమెకు ఆమె వీడియోనే చూపించాడు. "చూడు చెల్లె, ముద్దలెక్క ముడుసుకుంటున్నవ్. కుర్చీల కూసున్నట్టు కూసో."

"గట్లనే కూసుంటున్న కదన్నా."

"ఏడ? బోళ్లు తోముతున్నట్టు కూసున్నవ్."

వనితకు నవ్వు రాలేదు. తెరమీద ఉన్నది పటేల్ వాకిట్లో కూర్చున్న తనే.

సెలవుకు ఊరికి వెళ్లినప్పుడు తల్లితో పాటు ఆ వాకిట్లోకి నడిచింది. పేర్చిన కుర్చీల్లోంచి ఒకటి లాగి, పాదాలు ఎడంగా పెట్టి కూర్చుంది. పటేల్ భార్య ప్రేమల గుమ్మంలోకి వచ్చింది.

"అబ్బో, పట్నం పోయినంక మోకాళ్లు వంగుతలేవానే?"

"వంగుతయమ్మా. మస్తు వంగినయి, గందుకే నా పని ఖరాబైంది."

భీమ్లి కూతురి చెయ్యి గిల్లింది. "లెవ్వే, ఇజ్జత్ తీస్తున్నవ్."

"నువ్వు సుత కూసో యాడీ."

తల్లి కూర్చోలేదు. ప్రేమల మొహం ముడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. పటేల్ బయటికొచ్చి భీమ్లితో పని మాటలు ముగించేదాకా వనిత మాత్రం కుర్చీ దిగలేదు.

మళ్లీ గొట్టంలోకి దిగిన రోజు గాలి ఆమె కింద నిలిచింది. కాసేపే, కానీ నిలిచింది. ఆమెను శిక్షకురాలి పనికి తీసుకున్నారు. ప్రియదర్శిని మీద కుళ్లు మాత్రం పోలేదు. ఒకామెకు పుట్టుకతోనే దొరికిన కుర్చీని మరొకామె ఇన్నేళ్లకు లాక్కోవాల్సి వస్తే, ఆ కుళ్లును తప్పని ఎలా అంటాం?

భీమ్లి ఇంకా గడప కిందే కూర్చుంటోంది. అందుకే చదివేవారికొక మాట. మీ ఇంటికి పనికొచ్చిన మనిషికి ఒక కుర్చీ తీసి వేయండి. వద్దంటారు, మొహమాటపడతారు. వాళ్లు కూర్చునేదాకా మీరూ నిలబడే ఉండండి.