ఒంటిగంటకు వెలిగే లైటు

మావారు పోయిన నాలుగో నెలలో మళ్లీ ఉద్యోగానికి వెళ్లాను. అనంతపురంలో డ్రిప్ పైపులు అమ్మే ఆఫీసు మాది. రేకుల షెడ్డులో సెల్ సిగ్నల్ అందదు కాబట్టి ఇంటివాళ్లు కూడా ఆఫీసు ఫోనుకే చేస్తారు. నా ఫోను మీద మిగతా నలుగురి లైన్లకూ తలా ఒక లైటు ఉంటుంది. మనిషి సీట్లో లేకపోతే ఆ లైటు బటన్ నొక్కి, ముందు నా పేరు చెప్పి, నేను మాట్లాడాలి.

పక్క సీటు సుజాతకు రోజూ ఒంటిగంటకు భర్త ఫోన్ చేసేవాడు. ఆ లైటు వెలిగితే నాకు కడుపు మండేది. ఆమె మంచిదే. అయినా మండేది.

ఒకరోజు ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు లైటు వెలిగింది. బటన్ నొక్కాను. పేరు చెప్పలేదు.

"తిన్న్యావా?" అన్నాడతను.

"ఇంకా లేదు."

"ఇంకెప్పుడు తింటావు మే? గొంతేంది అట్లుండాది, జలుబు చేసిందా?"

వెనక్కి తిరిగితే సుజాత నిలబడి ఉంది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "నేను తర్వాత చేస్తా" అని పెట్టేసింది.

"మా ఆయన నన్నడిగితే నువ్వేల జవాబు చెప్పినావక్కా?"

"తప్పయింది" అన్నాను.

మర్నాటికి నా ఫోను మీద ఆమె లైటు లేదు. మేనేజరుతో చెప్పి తీయించుకుంది. మావారు ఉన్న రోజుల్లో ఇంకొకరు నా ఫోను అలా ఎత్తి ఉంటే, నేనూ అదే చేసేదాన్ని.