రోడ్డు వైపు తలుపు

సంతలో కూరగాయలు అమ్మే ఆడవాళ్లు పొద్దున ఇల్లు వదిలేటప్పుడు నీళ్లు తాగరు. మా అమ్మ ఆదిలక్ష్మమ్మ కూడా తాగేది కాదు. ఎండకు నాలుక పిడచగట్టుకుపోతున్నా చెంబు ఎత్తి, పెదవులు తడుపుకొని దించేసేది. సంత చుట్టూ అంగళ్లు, రోడ్డు, అవతల కోసేసిన చేలు. చాటు అనేది లేదు. చీకటి పడి ఇల్లు చేరేదాకా ఓర్చుకోవడమే. బడి మానేశాక అమ్మ పక్కన తక్కెడ పట్టుకొని కూర్చునేదాన్ని కాబట్టి ఆ ఓర్పు నాకూ తెలుసు.

మా ఊరు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సుల దారిలో ఉంది. ఎనభై ఒకటిలో పంచాయతీ వాళ్లు సంత మొదట్లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించారు. నాలుగు గదులు, నీళ్ల తొట్టి, సున్నం కొట్టిన గోడలు. బస్సులో పోయేవాళ్లకు కూడా కనిపించాలని సర్పంచి బోర్డును రోడ్డు వైపు పెట్టించాడు. బోర్డు ఎటుంటే తలుపు కూడా అటే పెట్టాడు మేస్త్రీ. ఆ తలుపుకు సరిగ్గా ఎదురుగా చెన్నకేశవులు టీ అంగడి. దాని ముందు రెండు బెంచీలు. వాటి నిండా బస్సుల కోసం కూర్చున్న మగవాళ్లు.

దాన్ని చూసుకునే పనికి హన్నమ్మను పెట్టారు. ఆమె సంజామల దగ్గర పుట్టి, మా ఊరి జకరయ్యను చేసుకొని వచ్చింది. బండి తోలే జకరయ్య జ్వరంతో పోయాక నంద్యాలలో ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేసింది. ఇక్కడ అత్తకు చూపు పోవడంతో ఆ పని వదులుకొని తిరిగి వచ్చేసింది. అప్పటినుంచీ కూలి దొరికిన రోజే పొయ్యి వెలిగేది. నెలజీతం మళ్లీ చూసింది ఈ పనిలోనే. చర్చిలో ఎవరో మూతి విరిస్తే, “కాన్పులైన చోట కడిగినా. ఈడ కడగలేనా?” అందట.

కానీ కడగడానికి ఎవరైనా వస్తే గదా. మొదటి సంతనాడు ఉల్లిగడ్డలమ్మే కృష్ణమ్మ ధైర్యం చేసి మెట్టు దాకా పోయింది. బెంచీ మీదినుంచి ఒకాయన, “పెద్దమ్మా, లోపల ఏమమ్ముతాండారు?” అన్నాడు. బెంచీలన్నీ నవ్వాయి. కృష్ణమ్మ కొంగు సర్దుకొని, దారి తప్పినదానిలా వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాత ఎవరూ పోలేదు.

సర్పంచి ఒకరోజు వచ్చి చూశాడు. గోడ సున్నం మీద మరక లేదు.

“ఎవురూ రాకపోతే నీకు జీతమెందుకు హన్నమ్మా? ఉగాది దాకా చూస్తా. ఆపైన ఎరువుల మూటలకు బాడుగకిస్తా.”

హన్నమ్మ గోనెసంచులు కలిపి కుట్టి తలుపు ముందు పరదా కట్టింది. దాంతో ఇంకా చెడింది. గాలికి పరదా కదిలినా బెంచీ మీది తలలన్నీ ఒకేసారి తిరిగేవి. చివరికి ఆమె టీ అంగడికే పోయింది.

“చెన్నకేశవులన్నా, ఆ బెంచీలు రోంత అటు తిప్పుప్పా.”

“తిప్పితే బస్సు యాడ కనపడ్తాది? బస్సు కనపడకపోతే నా టీ ఎవురు తాగుతారు?”

“బస్సు మూగదా? హారన్ కొట్టదా?”

“కొడ్తాది. ఆలోపే సీట్లు నిండిపోతాయి.”

టీ మాత్రం ఊరికే ఇచ్చాడు. బెంచీలు తిప్పలేదు.

ఆ మరుసటి సంతనాడు హన్నమ్మ మా గంపల ముందు కూర్చుంది.

“అక్కా, వచ్చే సంతకు నీ గంపలు ఆ తలుపు ముందర పెట్టుకుంటావా?”

“నీకేమన్నా పిచ్చా? దొడ్డి ముందర కూర్చుంటే నా వంకాయలు ఎవురు కొంటారు?”

“కొనరేమో.”

హన్నమ్మ పుల్ల తీసుకొని మట్టిలో గీసి చూపించింది.

“అటొక వరస, ఇటొక వరస. పైన మీ ఎండగుడ్డలు. నడుమ దారి. సంచి పట్టుకొని వచ్చే ఆడమనిషి కూరగాయలకొచ్చిందో, దేనికొచ్చిందో ఆ బెంచీకేం తెలుస్తాది?”

అమ్మ నావైపు చూసింది. ఆ రోజు నేను పొద్దుననుంచీ కూర్చున్న చోటినుంచి లేవలేదు. ఎందుకో అమ్మకు తెలుసు.

“ఒక్క వారం. అంతే,” అంది.

ఆ తర్వాతి సంతకు అమ్మతోపాటు కృష్ణమ్మ, ఇంకా కొందరు అటు మారారు. గేటు వసూలుకు సంతను వేలంలో పాడుకున్నాయన కేకలేశాడు.

“ఈడ కాదమ్మే, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోండి!”

“యాడ కూర్చుంటే నీకేందప్పా? గేటు దుడ్లు ఇచ్చినాం గదా,” అంది కృష్ణమ్మ.

ముందుగా లేచింది కూడా ఆమే. మా గంపలోంచి ఒక వంకాయ తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూస్తూ చూస్తూ లోపలికి పోయింది. తిరిగి వచ్చి, “లేతగా లేవు,” అని గంపలో పడేసింది. అమ్మ మూతి ముడుచుకుంది. కాసేపటికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. మధ్యాహ్నానికి తొట్టి అడుగంటింది. హన్నమ్మ బిందెలతో నీళ్లు మోస్తూనే ఉంది. మా వంకాయలు సగం మిగిలిపోయాయి. అయినా అమ్మ మళ్లీ వారం కూడా అక్కడే గంప దించింది.

ఉగాది ముందు సర్పంచి వచ్చాడు. తడి మెట్లు చూశాడు, వచ్చిపోయే ఆడవాళ్లను చూశాడు. వెంట ఉన్న మెంబర్లతో, “చూసినారా, బోర్డు పెద్దగా రాయిస్తే జనానికి తెలుస్తాది,” అన్నాడు. మేము కూరగాయలు తూచుకుంటూ ఉండిపోయాం.

తర్వాత పంచాయతీ ఆఫీసు గుమాస్తా రామయ్య తీర్మానం చెప్పి పోయాడు. ఎరువుల మూటలకు ఇవ్వరు. అయితే సంతరోజు మాత్రమే తెరవాలి, ఆ ఒక్క రోజుకే హన్నమ్మకు కూలి. తక్కిన రోజుల్లో తాళం తీయకూడదు.

“పోయి అడుగు. ఇదేం న్యాయమను,” అంది అమ్మ.

“అడిగితే ఆయనకు మళ్లా మూటలు గుర్తొస్తాయక్కా.”

తాళంచెవి కొంగున కట్టుకొని, సంత లేని రోజుల్లో ఆమె మళ్లీ చేలకు పోసాగింది.

ఆ ఏడు వేరుశనగ పీకేటప్పుడు ఒకరోజు నంద్యాల పోయే బస్సు మా ఊళ్లో చెడిపోయింది. దొర్నిపాడు నుంచి ఆసుపత్రికి పోతున్న ఒక నిండు చూలాలు దిగి, నేరుగా వచ్చి మూసిన తలుపు దగ్గర నిలబడింది. తాళాన్ని చేత్తో పట్టుకొని చూసింది. అటుగా పోతున్న నేను హన్నమ్మ కూలికి పోయిన చేనికి పరుగెత్తాను.

నా మాట సగంలో ఉండగానే హన్నమ్మ చేతి మన్ను దులుపుకొని బయలుదేరింది.

“ఈ పూట కూలి లేదు చూసుకో!” అని ఆసామి వెనకనుంచి అరిచాడు.

ఆ రోజు గంపల వరసలు లేవు, ఎండగుడ్డలు లేవు. బస్సు దిగినవాళ్లతో బెంచీలు నిండి ఉన్నాయి. హన్నమ్మ తాళం తీసి, ఆ అమ్మాయిని లోపలికి పంపి, తాను మెట్టు మీద నిలబడింది. కొంగు లాగి రెండు చేతుల వెడల్పునా చాపి, బెంచీల వైపే చూస్తూ నిలబడింది.

“సంత కాదు గదా హన్నమ్మా, తాళం తీయొచ్చునా?” అన్నాడు ఒకాయన.

“పోయి సర్పంచికి చెప్పుప్పా. బేగా పో.”

ఆయన లేవలేదు. ఎవరూ నవ్వలేదు. చెన్నకేశవులు వంగి పొయ్యి ఊదుకుంటున్నాడు. ఆమె చేతులు దించలేదు.

ఆ అమ్మాయి బయటికి వచ్చి కొంగు ముడి విప్పబోయింది. “ఎంతియ్యాల పెద్దమ్మా?”

“ఏం వద్దు పాపా. నీళ్లు పోసినావా?”

పోశానన్నట్టు తల ఊపింది. అయినా హన్నమ్మ లోపలికి పోయి ఒకసారి చూసుకొని, తాళం వేసి, చేని దారి పట్టింది.