కూచోకుండా ఎక్కాల్సిన కొండలు

మా అమ్మా నాయనా ఒకే రోజు పని మానేశారు. బేతంచెర్ల దగ్గర నాపరాయి కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో, పెళ్లయిన ఏడాది నుంచి ఇద్దరూ పనిచేశారు. అమ్మది నీళ్ల పని. తిరిగే రంపం మీద నీళ్లు ఆగకుండా పడేట్టు చూడాలి, కోసిన బండలు కడగాలి. నాయనది అంచుల పని. చేతి గ్రైండరుతో బండ అంచులు నున్నగా చేయాలి. దానికి నీళ్లు పనికిరావు, కరెంటు కొడుతుంది. అందుకని సాయంత్రం అమ్మ తడిసి ఇంటికొచ్చేది, నాయన తెల్లబడి వచ్చేవాడు. కనురెప్పల మీద కూడా బండపొడి ఉండేది. చిన్నప్పుడు నాయన అసలు రంగు నాకు సెలవు రోజుల్లోనే కనిపించేది.

అంచుల పని వాళ్లకు ఒక అలవాటు ఉంది. పని దిగేటప్పుడు మేస్త్రీ తలా ఒక బెల్లం ముక్క ఇస్తాడు. నమలకూడదు, చప్పరించి మింగాలి. గుండెల్లో చేరిన దుమ్మంతా బెల్లానికి అంటుకుని కడుపులోకి జారిపోతుందని వాళ్ల నమ్మకం. ఇంకొక నమ్మకం కూడా ఉంది. ఆసుపత్రిలో గుండెకు ఫోటో, అంటే ఎక్స్‌రే, తీయించుకోకూడదు. వాళ్ల షెడ్డులో ఆ ఫోటో తీయించుకున్నవాళ్లెవరూ ఎక్కువ కాలం బతకలేదు. ఇక ఊపిరి ఆడదన్నప్పుడు గానీ ఎవరూ ఆసుపత్రికి పోరు కాబట్టి అలా జరిగిందని ఎవరికీ తోచలేదు. ఫోటోయే మనిషిని పట్టుకుపోతుందని అనుకున్నారు.

నాయనకు అప్పటికే దగ్గు ఉంది. మెట్లెక్కితే గస వచ్చేది. పని మానేసిన మరుసటి రోజు పొద్దున అమ్మ ఉగ్గాని పళ్లెం ఆయన ముందు పెట్టి అంది.

"ఇంగన్నా కర్నూలుకు పోదాం పా. ఆ ఫోటో ఏందో తీపిచ్చుకో."

"ఫోటోనా? నన్ను అప్పుడే గోడకు తగిలిస్తావా మ్యా?"

"నీ మొగానికి దండ ఒకటి దండగ. దగ్గు సంగతి చెప్తాండా నేను."

నాయన కాసేపు ఆలోచించి ఒక పందెం పెట్టాడు. జీవితమంతా కొండ నుంచి వచ్చిన రాయితో పనిచేశాడు గానీ ఒక్క కొండా ఎక్కి చూడలేదు. కూతురింట్లో వరసగా రెండు రోజులు ఉండలేదు. ఈ ఏడాదంతా చుట్టాల ఇళ్లకు పోదాం, దారిలో ఉన్న కొండలు ఎక్కుదాం. "కూచోకుండా కొండెక్కినోనికి రోగమేంది? యాడన్నా కూచుంటినా, ఆ దినమే నువ్వు చెప్పిన తావుకు వస్తా."

అమ్మ ఒప్పుకుంది. డిగ్రీ అయిపోయి పరీక్షల పేరుతో ఇంట్లో ఉన్న నన్ను కూడా వెంట తీసుకుపోయారు. పరీక్షల పుస్తకాల మధ్య గ్రంథాలయం నుంచి తెచ్చిన కథల పుస్తకాలు పెట్టుకుని చదువుతానని వాళ్లకు తెలియదు. చుట్టాల ఇళ్లలో నాకు మాటలు రావు. ఎవరైనా పలకరిస్తే నవ్వి వంటింట్లోకి పోతాను. కొండ దారిలోనూ వెనకే నడిచేదాన్ని. అందువల్ల నాయన ముఖం కంటే వీపునే ఎక్కువ చూశాను. చొక్కా లోపల ఆ వీపు ఎలా ఎగిరెగిరి పడుతుందో చూశాను.

మొదట బనగానపల్లెలో అక్క ఇంటికి పోయాం. మామిడికాయలు దిగే కాలం. ఇల్లంతా గంపలు, గడ్డి, పండు వాసన. రెండో రోజు అక్కా బావా మమ్మల్ని యాగంటికి తీసుకుపోయారు. గుహల్లోకి నిటారుగా మెట్లుంటాయి. నాయన జేబులో బెల్లం ముక్క వేసుకుని ఆగకుండా ఎక్కాడు. పైన గుహ గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. నేను వెనక నిలబడి ఉన్నాను కాబట్టి ఆ గోడే ఆయన్ని నిలబెట్టిందని నాకు తెలుసు. బావకు తెలియదు.

"మామా, నా కంటే గట్టిగుండావు నువ్వు" అన్నాడు బావ.

అక్క అందుకుంది. "నీ అల్లునికి టీవీ ముందర నుంచి లేయాలంటేనే ఆయాసం నాయనా. నీతో పోటీ యాడికొస్తాడు?"

నాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. బెల్లం నోట్లో వేసుకున్నాడు.

ఎండలు తగ్గాక కడపలో అత్త ఇంటికి పోయాం. అత్త నాయనకు అక్క, ఒంటరి మనిషి. మాట కారం. నాలుగు రోజులుందామని పోయి పది రోజులున్నాం. మూడో రోజో నాలుగో రోజో పొద్దున అత్త అమ్మను వంటింట్లోకి పిలిచింది. నేను అక్కడే ఎర్రగడ్డలు తరుగుతున్నాను.

"వాడు పడుకోవడంల్యా. గోడకానుకుని కూచునే నిద్రపోతాండాడు. ఎన్నాళ్ల నుంచి?"

"శానా నాళ్లయింది వదినా. పడుకుంటే ఊపిరాడదంటాడు."

"తెలిసీ కొండలకు తిప్పుతాండావా?"

"నేను తిప్పడంల్యా. ఆయప్పే నన్ను తిప్పుతాండాడు."

అక్కడి నుంచి గండికోటకు పోతామని నాయన బయలుదేరితే అత్త గుమ్మంలో అడ్డం నిలబడింది. "కోట కూడా కొండేనారా? బస్సు పైదాకా పోతాదంట కదా."

"కొండ మీద కోట ఉండాదా ల్యాదా? ఆ కోటలో నేనుంటినా, కొండెక్కినట్టే. అయిపాయ."

"నీ లెక్కన మిద్దె మీద బట్టలారేసినా కొండెక్కినట్టే" అంది అత్త. అయినా దారిలో తినడానికి బొరుగులు, చెనిక్కాయలు మూట కట్టి ఇచ్చింది.

గండికోటలో చదునుగా ఉన్న దారిలోనే నాయన నడక మారింది. కూర్చోకూడదు కాబట్టి నిలబడటానికి కారణాలు వెతుక్కునేవాడు. పెన్నా లోయ అంచున నిలబడి, చూసిందే మళ్లీ చూసేవాడు. చెప్పు పట్టీ వదులైందని వంగేవాడు. ఎదురొచ్చిన వాళ్లను ఏ ఊరని అడిగేవాడు. ఆయన ఆగబోతున్నాడని అమ్మకు ముందే తెలిసేది. "ఉండప్పా, నాకు కాలు పట్టింది" అని తానే నిలబడేది. నాయన విసుక్కునేవాడు. "ఆడోళ్లతో కొండలకు వస్తే ఇంతే." ఆ విసుగు చాటున ఊపిరి కూడదీసుకునేవాడు.

అమ్మ కాలికేమీ కాలేదు. ఇంటి దగ్గర నీళ్ల బిందె చంకనెత్తుకుని వీధి చివరి నుంచి గబగబా నడిచి వస్తుంది. నాకు అర్థం కాలేదు. ఫోటో తీయించాలన్నది అమ్మే. ఆయన ఓడిపోతేనే ఆసుపత్రికి వస్తాడు. మరి ఆయన్ని గెలిపిస్తున్నదెందుకు? బస్సులో పక్కన కూర్చున్నప్పుడు అడిగాను. నేను అంత సూటిగా అడగడం అమ్మకూ కొత్తే. కిటికీ వైపు చూస్తూ అంది.

"కూచుంటే ఫోటో తీపియ్యాల గదమ్మా."

"తీపిద్దామనే కదా నువ్వన్యావు?"

"అంటిని. అన్నంత మాత్రాన భయం లేదా?"

షెడ్డులో వాళ్ల నమ్మకం అమ్మలోనూ అంతే లోతుగా ఉంది. తీయించకపోతే చనిపోతాడేమోనని భయం, తీయిస్తే చనిపోతాడని భయం. రెండు భయాల మధ్య కొండలెక్కుతూ దిగుతూ ఏడాది గడిపేస్తోంది.

చలి మొదలయ్యాక మైదుకూరులో ఒక పెళ్లికి పోయి, అక్కడి నుంచి అహోబిలం పోయాం. వద్దని అమ్మ ఒక్కసారే అంది. ఎగువ అహోబిలం దాటాక పైకి అడవి దారి. వాగు పక్కన రాళ్ల మీద నడవాలి. నడవలేని వాళ్లను కర్రలకు కుర్చీ కట్టి మోసే డోలీ మనుషులు అక్కడ ఉంటారు. మేము బయలుదేరగానే ఇద్దరు మా వెనక పడ్డారు.

"పెద్దాయనా, ఎక్కు. శానా దూరముండాది."

"ఎవురికి చెప్తాండావు? నీ కంటే ముందర ఎక్కి దిగుతా."

"సరే పో. ఊరికే వస్తాంటాం. మాకు మాత్రం ఏం పనుండాది?"

వాళ్లు నిజంగానే తొందరపడలేదు. ఖాళీ కుర్చీ భుజాల మీద మోస్తూ, ఒకడి మేకలకు వచ్చిన జబ్బు గురించి మాట్లాడుకుంటూ నడిచారు. అలాంటి వీపుల్ని వాళ్లు నాకంటే ఎక్కువ చూసి ఉంటారు.

వాగు దాటాక నాయన ఆగాడు. ఏమీ చూడలేదు, చెప్పు సర్దుకోలేదు, ఎవరినీ పలకరించలేదు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

"నాకు కాలు పట్టిందప్పా, ఆగుదాం" అంది అమ్మ.

నాయన వద్దన్నట్టు తలూపాడు. మోకాళ్లు వంగాయి. నేలను తాకేలోపే డోలీ మనుషులు చంకల కింద చేతులు వేసి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. పైకి కాదు, కిందికి మోశారు. ఎదురొచ్చే జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. దేవుణ్ణి చూసి వస్తున్న ముసలాయన అనుకుని కొందరు దండం పెట్టారు. నాయన కళ్లు మూసుకున్నాడు.

కింద టీ బంకు దగ్గర దించాక చాలాసేపటికి మాట వచ్చింది. మొదటి మాట ఇది:

"నేను కూచోల్యా. వాళ్లు కూచోబెట్టినారు."

డోలీ మనిషి ఒకడు పక్కున నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు.

"కూచుంటివి" అంది.

ఆ వారంలోనే కర్నూలు పోయాం. ఆసుపత్రిలో నాయన్ని చొక్కా విప్పించి లోపలికి పంపారు. "గాలి గట్టిగా పీల్చి పట్టుకో పెద్దాయనా" అని లోపల్నుంచి వినిపించింది. తర్వాత దగ్గు. మళ్లీ అదే మాట, మళ్లీ దగ్గు. పట్టుకోవడానికి ఆయన దగ్గర గాలి లేదు. అమ్మ తలుపు బయట బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని, లోపల ఏదో పేలబోతున్నట్టు కళ్లు గట్టిగా మూసుకుంది.

డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకు పెట్టి చూసింది. నా చదువులో చూసిన ఎక్స్‌రే బొమ్మల్లో ఊపిరితిత్తులు నల్లగా ఉండేవి. ఇందులో సున్నం చల్లినట్టు తెల్లగా ఉన్నాయి.

"ఏం పని చేసేవారు?"

"బండల పని" అంది అమ్మ.

"దుమ్ము లోపల చేరి గట్టిపడిపోయింది. అది ఇక పోదు. ఆయాసానికి మందులు రాస్తాను. ఇకనైనా దుమ్ము తగలకుండా చూసుకోండి."

నాయన వినయంగా అడిగాడు. "బెల్లం తింటాండా గదమ్మా, ఒక్క పూట ఇడిసిపెట్టకుండా?"

ఆమె నవ్వలేదు. "బెల్లం కడుపులోకి పోతుంది పెద్దాయనా. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయే దారి వేరు."

"ముందే వచ్చింటే బాగుండునా?" అంది అమ్మ.

"ముందే వచ్చి ఉంటే పని మానమని చెప్పేవాళ్లం."

"మానేటోన్ని కాదు లే" అన్నాడు నాయన, అమ్మను ఓదారుస్తున్నట్టు.

ఫోటో తీశారన్న సంగతి ఊరికి తెలిసింది. అత్త కడప నుంచి వచ్చి ఉండిపోయింది. అక్కా బావా వచ్చి పోయారు. షెడ్డు నుంచి మాత్రం ఎవరూ రాలేదు. నాయనతో ఒకే బండకు అవతలి అంచు పట్టిన జోడీ మనిషి ఒకాయన ఉన్నాడు. పండగకు మా ఇంట్లో తినేవాడు. అంగడి దగ్గర నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పాలా వద్దా అని ఆలోచించి, డైరీలో రాసుకుని ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం నాయన ఫిల్ము చంకలో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాడు. దుమ్ములోకి పోవద్దని అమ్మ బతిమాలింది. వినకపోతే తనూ వెంట నడిచింది, నేనూ నడిచాను. మేము పోయేసరికి షెడ్డులో కరెంటు లేదు. గ్రైండర్లు పక్కన పెట్టి అందరూ బండల మీద కూర్చున్నారు. నాయన ఫిల్మును వెలుతురు వైపు ఎత్తి పట్టుకున్నాడు.

"చూడండప్పా. లోపల నేను ఇట్లుండా."

"లోపల పెట్టన్నా దాన్ని. పని కాడికి తెచ్చేదేనా అది?" అన్నాడు జోడీ మనిషి. ఫిల్ము వైపు చూడలేదు.

ఇంకొకాయన మెల్లగా అడిగాడు. "ఎన్ని దినాలని చెప్పిరి?"

"దినాలు చెప్పల్యా. దుమ్ము ఇడ్సమని చెప్పిరి. బెల్లంతో పోదంట."

"మరి దేంతో పోతాదంట?"

"దేంతోనూ పోదు."

మేస్త్రీ వచ్చి, కరెంటు వచ్చే వేళయింది, నీకు పడదు, ఇంటికి పోన్నా అని భుజం పట్టి బయటికి నడిపించాడు. అంతలోనే కరెంటు వచ్చింది. గ్రైండర్లు ఒక్కసారిగా అరిచాయి. వెనక్కి తిరిగి చూశాను. జోడీ మనిషి తువ్వాలును ముక్కుకు అడ్డంగా కట్టుకున్నాడు. నాయన కూడా అది చూస్తూ బయట ఆగిపోయాడు. కొంచెంసేపు పనిచేశాక జోడీ మనిషి ఉక్కపోతకు తట్టుకోలేక తువ్వాలును గడ్డం కిందికి లాగేసుకున్నాడు. తర్వాత దుమ్ములో మనిషి కనిపించలేదు.

ఇంటికి వచ్చే దారంతా చదును. రోడ్డు పక్కన లారీలకు ఎత్తడానికి బండలు దొంతరలుగా పెట్టి ఉన్నాయి. నాయన ఒక దొంతర దగ్గర ఆగి, ఎటూ చూడకుండా, ఏ సాకూ చెప్పకుండా దాని మీద కూర్చున్నాడు. ఫిల్ము ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మ పక్కన కూర్చుంది. ఎదురుగా దూరంలో ఎండలో కొండ కనిపిస్తోంది. ఇద్దరూ అటు చూడలేదు.

"పోదామా?" అంది అమ్మ కొంతసేపటికి.

"ఉండు మ్యా" అన్నాడు నాయన. "ఇంగా రాల్యా ఊపిరి."