ఊరు చెప్పని గొంతు

మధ్యాహ్నం బడిలో నిద్ర ముందుగా నాకే వచ్చేది, పిల్లలకు కాదు. కడప బండలు పరిచిన నేల చల్లగా ఉండేది. బయట ఎండ తెల్లగా కాసేది. వంకలో నీళ్లు లేకపోయినా గాలి అక్కడినుంచే వచ్చేది, కాస్త ఇసుకను వెంటబెట్టుకుని. సరిగ్గా ఆ వేళకే మా రేడియో పలికేది. మీట తిప్పగానే పలికే రకం కాదు. లోపల వెచ్చబడాలి, కాసేపు బుసలు కొట్టాలి, ఆ తరువాత ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు ఒక మగగొంతు మెల్లగా పైకి తేలేది.

యాభైల నాటి మాట. మైదుకూరు రోడ్డు మీద బస్సు దిగి, జొన్నచేల మధ్య మట్టిదారిన నడిస్తే వచ్చే పల్లెలో నేను పంతులమ్మను. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతులు. ఊరికి కరెంటు లేదు. పైవాళ్లు పెద్ద బ్యాటరీతో సహా రేడియో పంపి, బడిపిల్లల పాఠాలు వినిపించమన్నారు. బడి ముందు రెండు వెదురుగడలు నాటించి, మధ్యన ఏరియల్ కోసం రాగితీగ కట్టించాను. ఊరంతా వచ్చి చూసిపోయింది. బట్టలారేసుకోవడానికి మంచి తీగ వచ్చిందని ఒకావిడ సంబరపడింది కూడా.

ఆ పెట్టె మీద నాకు మోజూ ఉండేది, ఒళ్లుమంటా ఉండేది. నేను గొంతు చించుకున్నా వినని పిల్లలు దాని ముందు చేతులు కట్టుకుని బుద్ధిమంతుల్లా కూర్చునేవారు. ఎవరికి మాత్రం మండదు?

ఐదో తరగతిలో మిగిలిన ఆడపిల్ల ఒక్కతే. తక్కినవాళ్లంతా ఒక్కొక్కరే చేనుపనికి జారిపోయారు. ఈ పిల్ల ఈ ఏడు గట్టెక్కితే కడపలో ఆడపిల్లల హాస్టల్లో చేర్పించాలని నా ఆశ. మానేసిందా, రేపు కలుపుతీత, ఎల్లుండి పెళ్లి. వాళ్ల అమ్మానాన్న తెల్లారితే చేలోకి పోయేవాళ్లు. ఇంటి పెత్తనమంతా అవ్వది. ఎవరో మగమనిషి రోజూ బడిలో కూర్చుని పిల్లతో మాట్లాడుతున్నాడని ఆ అవ్వ చెవిన పడింది.

సముద్రం పాఠం వచ్చిన రోజు అది. ఆ గొంతు అలల గురించి చెబుతూంటే వెనక నుంచి అలల చప్పుడు కూడా వినిపించారు. మాలో సముద్రాన్ని చూసినవాళ్లు లేరు, నాతో సహా. నేను కళ్లు మూసుకున్నాను. గది గోడలు మెత్తబడి ఎటో జరిగిపోయినట్టనిపించింది. పాదాల కింద బండ తడిగా ఉందేమోనని కాలు కదిపి చూసుకున్నాను కూడా. ఆ హాయి ఇప్పటికీ నాకు గుర్తే.

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో అవ్వ. గొంతు వినబడుతోంది, మనిషి లేడు. ఆమె బెదరలేదు. పరాయి ఊరివాడు గడప తొక్కితే ముందు మంచినీళ్లిచ్చి, ఆ తరువాత ఊరూ పేరూ అడగడం అక్కడి మర్యాద. అడిగితే చెప్పడం వచ్చినవాడి మర్యాద. అవ్వ మూలనున్న కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి, రేడియో ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"యా ఊరప్పా నీది?"

గొంతు ఆటుపోట్ల గురించి చెప్పుకుంటూ పోయింది.

"ఏమప్పా, నిన్నే అడగతాండా. ఎవురింటోనివి?"

పిల్లలు నవ్వు ఆపుకోలేక నోళ్లు మూసుకున్నారు. నేను లేచి వెళ్లేలోపే అవ్వ మొహం మాడిపోయింది.

"పెద్దముండదాన్ని నీళ్లిచ్చి అడిగితే పలకడు. ఇట్లాటోని దెగ్గర పిల్లకేం మర్యాద వస్తాది? లేయ్ పాపా, పోదాం పా."

మనవరాలి చెయ్యి పట్టుకుని ఎండలోకి నడిచింది. వెనక సముద్రం ఘోషిస్తూనే ఉంది. ఆ క్షణాన దాన్ని ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది నాకు.

మరునాడు ఆ పిల్ల రాలేదు. ఆ మరునాడూ రాలేదు. బడి వదలగానే వాళ్లింటికి వెళ్లాను. అవ్వ అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తోంది. పిల్ల తలుపు వెనక ఉంది. నేనూ ఓ గుప్పెడు కాయలు తీసుకుని ఒలుస్తూ మొదలుపెట్టాను.

"అవ్వా, ఆయన పొగరుబోతు కాదు. ఆయన ఈడ లేడు. శానా దూరంలో కూచోని మాట్లాడతాండాడు. మన మాట ఆయనకు ఇనపడదు."

"అయితే మా పాప ఉండేది గూడా తెలీదా ఆయప్పకు?"

"తెలీదవ్వా."

"తెలీకుండా ఎవురికి చెప్తాండాడు?"

"అందరికీ."

"అందరికీ అంటే?"

ట్రైనింగులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ తరువాత ఇన్నేళ్లలో బడికి కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ, దాని గొప్పలు వింటూ నేను లోలోపల అడుగుతూ వచ్చింది ఇదే. ఆ రోజు మాత్రం ఇంకో కాయ అందుకుని ఒలిచాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"నీకైనా తెలుసునా మా పాప?"

అప్పుడు నాకు రోషం వచ్చింది.

"తెలీకేం? గుమ్మం పక్క బండ మీద కూచుంటాది. ఎండ లోపలికొస్తే ఎండతోపాటు జరుగుతాది. లెక్క రాకుంటే జడకొన నోట్లో పెట్టుకుంటాది. వచ్చిందా, ఇంక నిలవదు, పక్కపిల్లకు చెప్పేస్తాది. ఎంత కసరినా ఇనదు."

తలుపు వెనక కిసుక్కుమని నవ్వు. అవ్వ కూడా బోసినోటితో నవ్వింది.

"వాళ్లమ్మా అంతే," అంది. "రేపు అంపిస్తాలే. కానీ ఆ డబ్బాకు అప్పజెప్పి నువ్వు కునుకు తీస్తే ఒప్పుకోను."

నా కునుకు సంగతి ఆమెకెలా తెలిసిందో అడగలేదు.

మరునాడు ఆ పిల్ల వచ్చింది. రేడియోలో ఆ రోజు నక్షత్రాల పాఠం. నేను కుర్చీ వదిలి పిల్లల మధ్య బండ మీద కూర్చున్నాను. గది మళ్లీ నీడలా తేలికైంది. పట్టపగలే కప్పు తొలగి ఆకాశం కనబడుతున్నట్టు పిల్లల మొహాలు పైకి లేచాయి. చివర్లో ఆ గొంతు ఎంతో ప్రేమగా, "బాగా అర్థమైంది కదా పిల్లలూ?" అని అడిగి కాస్త ఆగింది.

"అయిందండీ!" అన్నారు అందరూ.

ఆ పిల్ల మాత్రం పెట్టె వైపు చూడలేదు. నా వైపు తిరిగి, చిన్నగా, "నాకు కాలేదు టీచర్," అంది.

అన్నేళ్ల ఉద్యోగంలో నాతో ఆ మాట అన్న మొదటి పిల్ల ఆమె. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రేడియో కట్టేసి సుద్దముక్క తీసుకున్నాను.