ఇంజను పిల్ల

ఇవాళ పొద్దున యూనివర్సిటీలో నడకకు వెళ్లినవాణ్ణి, గ్రౌండు వైపు నుంచి తుపాకీ చప్పుడు వినబడగానే టక్కున వెనక్కి తిరిగాను. పేలింది పరుగుపందెం మొదలుపెట్టే ఉత్త తుపాకీయేనని నాకు తెలుసు. ఏదో స్కూలు వాళ్లు జరిపే ఇన్విటేషనల్ మీట్ అని గేటుకు కట్టిన బ్యానరు కూడా చూశాను. ఛాతీ మీద నంబరు గుడ్డలు పిన్నీసులతో గుచ్చుకున్న పిల్లలు అరటిపళ్లు తింటూ రోడ్డంతా నిండి ఉన్నారు. నాతో నడిచే రిటైర్డ్ లెక్చరరు గారు, "ఏంటండీ, గ్రౌండు వైపు రారా?" అని అడిగారు. అటువైపు ఒక నెమలికీ నాకూ మాటల్లేవని చెప్పాను. ఆయన తలూపి, లైబ్రరీ రోడ్డు పట్టారు. నా మాటల్లో నిజం వెతకడం ఆయన ఎప్పుడో మానేశారు. తార్నాకలో చాలామంది మానేశారు.

కొన్నేళ్ల కిందట మా చెల్లెలి కూతురు పదో తరగతిలో ఉండగా నేను రోజూ ఆ గ్రౌండుకు వెళ్లేవాణ్ణి. పిల్ల పరుగు నేర్చుకుంటోంది. వాళ్లమ్మకు పొద్దున వంట, వాళ్ల నాన్నకు ఆఫీసు బస్సు. మధ్యాహ్నం షిఫ్టు ఉన్న మనిషిని పనీపాటా లేనివాడి కింద జమకట్టే ఆచారం మా ఇంట్లో ఉంది కాబట్టి, చీకటి విడుతుండగానే దాన్ని స్కూటరు మీద దించి, పరుగయ్యేదాకా కాపలా కూర్చోవడం నా వంతయింది. కూర్చోవడంలో నాకు సాటి లేరు. మంచుకు తడిసిన సిమెంటు మెట్ల మీద పేపరు పరుచుకుని, ఉడకబెట్టిన శనగలు నములుతూ, ఎర్రటి ట్రాకు మీద పిల్లల బూట్లు టపటపలాడుతుంటే వింటూ, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకు కథలు చెప్పేవాణ్ణి. ఈ క్యాంపస్ నెమళ్లలో ఒకటి రెండేళ్లు తెలుగు ఎమ్మేకి కిటికీలోంచి హాజరైందనీ, అటెండెన్సు చాలక పరీక్షకు కూర్చోనివ్వలేదనీ నేను చెబితే నమ్మిన పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు.

నమ్మనిది ఒక్కతే. మా మేనకోడలి క్లాసు పిల్ల, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది. వాళ్ల నాన్న పట్టాల మీద పనిచేసే ట్రాక్‌మ్యాను. పిల్ల పరుగు చూసి మా వాళ్ల ప్రైవేటు స్కూలు వాళ్లు ఫీజు లేకుండా చేర్చుకున్నారు. సన్నగా, నల్లగా, నడుం దాటే ఒంటి జడతో ఉండేది. మెట్టుగూడ నుంచి గ్రౌండుదాకా ఉరుక్కుంటూ వచ్చి, అప్పుడు ప్రాక్టీసు మొదలుపెట్టేది. నేనొకసారి, కుర్రతనంలో సీతాఫల్‌మండి స్టేషన్లో లోకల్ ట్రైన్ తప్పిపోతే పట్టాల పక్కన దానితోపాటే పరిగెత్తాననీ, గార్డు తల బయటపెట్టి, "బాబూ, ఎలాగూ ముందు చేరతావు, మేం వస్తున్నామని స్టేషన్ మాస్టరుకు చెప్పు" అన్నాడనీ చెప్పాను. ఆ పిల్ల బూటు లేసు కట్టుకుంటూ తలెత్తకుండానే అంది: "ఆ లోకల్ ఎప్పుడు జూసినా సిగ్నల్ కాడ ఆగే ఉంటది మామా. మా నాయనమ్మ గూడ గెలుస్తది దాని మీద." అప్పటినుంచి నాకు గప్పాల మామ అని పేరు పెట్టింది. మా మేనకోడలికి కూడా అదే అలవాటయింది.

మా మేనకోడలు మంచి రన్నరే. కాదనను. కానీ ముందు ఎవరూ లేకపోతే దానికి కాళ్లు ఆడవు. ఎంత వేగం పోవాలో తెలియక తికమకపడి నెమ్మదిస్తుంది. ఇది కనిపెట్టిన స్కూలు పీఈటీ సారు ఒక పద్ధతి పెట్టాడు. మెట్టుగూడ పిల్ల ముందు ఉరకాలి, మనది దాని వెనకే వెళ్లాలి. "నువ్వు ఇంజను, ఆమె బోగీ," అనేవాడు. "ఆఖరి చుట్టు గంట కొట్టంగనే నువ్వు గడ్డి మీదికి తప్పుకో. ఆమె ఎల్లిపోతది." ఏడాది పొడుగునా అదే సాగింది. మా పిల్ల ఎదుటి వీపు మీద ఊగే జడను చూస్తూ పరిగెత్తేది, ఆ జడ పక్కకు తప్పుకునేసరికి చివరి చుట్టుకు సరిపడా వేడెక్కి ఉండేది. ఈ ఏర్పాటులో ఇంజను ఎప్పుడూ గమ్యం చేరలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. బడి వేడుకల్లో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడేది మా పిల్ల, పేరెంట్స్ మీటింగుకు పట్టుచీరలో వెళ్లేది మా చెల్లెలు. ట్రాక్‌మ్యానుకు ఏనాడూ మీటింగు రోజు సెలవు దొరకలేదు.

ఆ గ్రౌండులోనే జరిగే మీట్‌కు ఆహ్వానం వచ్చింది. నగరంలోని పెద్ద పెద్ద స్కూళ్లన్నీ వస్తున్నాయి. పదిహేను వందల మీటర్లలో మొదట వచ్చిన అమ్మాయిని చూసి తీసుకెళ్లడానికి స్పోర్ట్స్ హాస్టల్ కోచ్ ఒకాయన వస్తున్నాడని పీఈటీ సారు చెప్పాడు. అక్కడ చదువూ, తిండీ, శిక్షణా అన్నీ వాళ్లవే. మా చెల్లెలు అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసేసింది.

పందెం రోజు పొద్దున ఇద్దరూ మెట్ల కింద ఒళ్లు విరుచుకుంటున్నారు. మా మేనకోడలు నీళ్లకు వెళ్లినప్పుడు నేను ఆ పిల్లను అడిగాను, నీకు హాస్టలుకు పోవాలని లేదా అని.

"ఎందుకుండదు మామా? ఆడ రోజు గుడ్డు పెడతరంట. బూట్లు గూడ ఆళ్లే ఇస్తరంట."

"మరి?"

"వచ్చే మీట్ నాదని చెప్పిండు సారు."

"వచ్చే మీట్‌కి నువ్వు బళ్లో ఎక్కడుంటావే? పదోది అయిపోతుంది కదా."

ఆ పిల్ల మోకాలు పట్టుకుని వంగినదల్లా అలాగే ఉండిపోయింది. ఒక్క క్షణం తర్వాత నవ్వింది. "సారుకు యాదికి లేదేమో. చెప్పొస్త ఉండు." పది అయితే చిన్నమ్మ పనిచేసే బట్టల షాపులో పెడతారని ఇంట్లో అనుకుంటున్నారట. అది కూడా నవ్వుతూనే చెప్పి, పీఈటీ సారు దగ్గరకు పరిగెత్తింది. ఆయన నంబరు గుడ్డలు పంచుతున్నాడు. ఏం చెప్పిందో వినబడలేదు గానీ ఆయన గొంతు మాత్రం వినబడింది. "రేస్ అయినంక మాట్లాడుదాం. గంట కొట్టంగనే నా టవల్ దిక్కు చూడు. సమజైందా?"

ఇక్కడి నుంచి నేను చెప్పేదానిలో నా కల్పన లేదు. కల్పించడానికి చోటు మిగల్చలేదు వాళ్లు.

తుపాకీ పేలింది. మొదటి చుట్టులోనే మెట్టుగూడ పిల్ల ముందుకు వెళ్లింది, మా పిల్ల దాని జడ వెనక అతుక్కుంది. ఇద్దరూ కలిసి మిగతా వాళ్లను ఒక్కొక్కర్నే వదిలించుకున్నారు. చివరికి పెద్ద స్కూళ్ల అమ్మాయిలు ఇద్దరు మాత్రం వెనక మిగిలారు. మా చెల్లెలు నా భుజం మీద గుద్దుతోంది. ఆఖరి చుట్టు గంట మోగింది. మెట్టుగూడ పిల్ల తల తిప్పి చూసింది. పీఈటీ సారు టవల్ కిందికి దించాడు. ఆమె ఇంకా అలసిపోలేదు. రొప్పడం కూడా లేదు. ఆ క్షణంలో ఆ టవల్ చూడనట్టు నటిస్తే చాలు. ఎవరేం చేయగలిగేవారు? కానీ ఆ పిల్ల తెల్లగీత దాటి గడ్డి మీదికి తప్పుకుంది.

అంతే, మా పిల్లకు ముందు ఖాళీ ట్రాకు కనబడింది. రోజూ ప్రాక్టీసులో అప్పటికి వెనక ఎవరూ ఉండేవారు కాదు. ఇప్పుడు రెండు జతల బూట్ల చప్పుడు మీదికి వస్తోంది. కాళ్లు తడబడ్డాయి. మలుపు దగ్గర ఒకమ్మాయి దాటేసింది, రెండోది పక్కకు వచ్చేసింది. మా చెల్లెలు కళ్లు మూసుకుంది. అప్పుడు గడ్డి మీద ఆగిపోవలసిన ఆ పిల్ల మళ్లీ ఉరకడం మొదలుపెట్టింది. "నా జడ చూడు! ఏయ్, నా జడ చూడు!" అని అరుస్తూ తెల్లగీతకు ఇవతల, గడ్డి మీద, మా పిల్లను దాటి ముందుకు వచ్చింది. బల్లెం విసిరేవాళ్లు పరిచిన టేపు మీంచి దూకింది. కుర్చీలో కూర్చున్న అంపైరు ఒకాయన కాళ్లు ముడుచుకున్నాడు. ఆయన్ను చుట్టి మళ్లీ గీత పక్కకు చేరింది. ట్రాకు మీద మా పిల్ల ఆ జడనే చూస్తూ ఒకమ్మాయిని దాటింది, చివరి గజాల్లో రెండో అమ్మాయిని కూడా దాటి, రిబ్బను తెంపింది. అప్పటికే మెట్టుగూడ పిల్ల గడ్డి మీద ఆ రిబ్బనును దాటి ఆగి, ఇటు తిరిగి చప్పట్లు కొడుతోంది.

మా సంబరం ఎక్కువసేపు ఉండలేదు. అవతలి స్కూలు మాస్టర్లు అభ్యంతరం చెప్పారు. పందెంలో లేని మనిషి పక్కన ఉరికి దారి చూపడం నిబంధనలకు విరుద్ధం. తెల్లటోపీ అధికారులు నలుగురూ గుమిగూడి మాట్లాడుకుని, మా మేనకోడల్ని పందెంలోంచి తీసేసినట్టు మైకులో చెప్పారు. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయి మొదటిదైంది.

మా చెల్లెలు ఏడుస్తూనే ఆ పిల్ల మీదికి వెళ్లింది. "ఎవరు రమ్మన్నారే నిన్ను? గెలిచేదాన్ని చెడగొట్టావు కదే!"

"ఎనకబడుతున్నది ఆంటీ, అందుకని..." అని ఆ పిల్ల మా మేనకోడలి వైపు చూసింది. రోజూ ఒకే సీసాలో నీళ్లు తాగిన పిల్లలు. మా మేనకోడలు కళ్లు తుడుచుకుంటూ నేలవైపు చూసి, "నేనేం పిలవలేదు దాన్ని," అంది.

ఆ పిల్ల కింద కూర్చుని సాక్సుకు గుచ్చుకున్న పల్లేరుకాయలు ఏరుకుంటోంది. అప్పుడే హాస్టల్ కోచ్ మా వైపు వచ్చాడు. వయసు మళ్లినవాడు, మెడలో పరుగు కొలిచే గడియారం వేలాడుతోంది. "ఆ గడ్డి మీద ఉరికిన పిల్ల ఎవరిదయ్యా?" అని అడిగాడు. నాకు ఆశ పుట్టింది. పీఈటీ సారు రెండు చేతులూ కట్టుకున్నాడు. "మాదే సార్. కానీ స్టామినా లేదు సార్. గట్లనే మధ్యల ఇడిచిపెడతది. గడ్డి మీద లోపలి దారి పొట్టి కదా, ఎవరైనా ఉరుకుతరు."

నేను ముందుకు వెళ్లాను. టవల్ సంగతీ, ఇంజను సంగతీ, ఏడాదిగా నేను రోజూ కళ్లారా చూస్తున్న సంగతీ మొదలుపెట్టాను. రెండు మాటలు కాగానే మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. తన కూతురు ఒకరు లాగితే గానీ పరిగెత్తలేదని నలుగురిలో బయటపడటం దానికి ఇష్టం లేదు. "మా అన్నయ్య మాటలు పట్టించుకోకండి సర్. కథలు చెప్పడం ఆయనకు సరదా," అని కళ్లు తుడుచుకుని నవ్వింది. పీఈటీ సారూ నవ్వాడు. "నెమలి ఎమ్మే చదివిందని చెప్తడు సార్ ఈయన." కోచ్ కూడా మర్యాదకు నవ్వి, గడియారాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ పిల్ల అంతా వింది. చివరి పల్లేరుకాయ తీసి పారేసి లేచింది. "అబద్ధాలు మస్తు మంచిగ చెప్తవ్ మామా," అంది. "నిజం చెప్పుడే రాదు నీకు." గేటు వైపు నడిచింది. ఉరకలేదు. మర్నాటినుంచి గ్రౌండుకు రాలేదు. నాలుగు రోజులు ఒంటరిగా తంటాలు పడి మా మేనకోడలూ మానేసింది.

మా చెల్లెలి ఇంట్లో హాల్లో ఇప్పుడొక పెద్ద ఫోటో ఉంది. మా మేనకోడలు ఛాతీతో రిబ్బను తెంపుతున్న క్షణం. గడ్డి ఉన్న పక్క కాస్త కత్తిరించారు. వచ్చినవాళ్లకు మా చెల్లెలు కాఫీ ఇస్తూ, స్కూల్లో ఉండగా ఫస్టు వచ్చిందండీ అని చెబుతుంది. వింటున్న మా మేనకోడలు ఫోన్లో ఏదో చూసుకుంటూ ఉంటుంది. మా వంశంలో గప్పాలు కొట్టే విద్య నా ఒక్కడిదే అనుకునేవాణ్ణి. నావి ఎవరూ నమ్మరు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. మా చెల్లెలివి అందరూ నమ్ముతారు.

పోయిన నెల సికింద్రాబాదులో ఒక చీరల దుకాణంలో ఆ పిల్లను చూశాను. జడ ముడి వేసి ఉంది. చీరలు మడతపెడుతూ నన్ను గుర్తుపట్టి, ముందు అడిగిన మాట, "అది ఉరుకుతున్నదా మామా?"

"లేదమ్మా. మానేసింది."

"అయ్యో," అంది, నిజంగానే. "నాకైతే గీడ పొద్దుగూకేదాంక నిలబడుడే. కూసోనియ్యరు." ఇంకో బేరం రావడంతో అటు తిరిగింది.

ఆ రోజు గ్రౌండులో ఎన్నో గడియారాలు ఉన్నాయి. ఆ చివరి చుట్టును ఆ పిల్ల ఎంతసేపట్లో ఉరికిందో ఒక్కదానిలోనూ లేదు. తెల్లగీతల మధ్య ఉరికేవాళ్ల కాలాన్నే మనుషులు కొలుస్తారు. గీత బయట ఉరికినవాళ్లది ఎవరూ చూడకుండానే అయిపోతుంది.