ఎర్ర మెలిక

పరిశోధనశాలలో ఆమెను అందరూ ఎర్రక్క అంటారు. శరీరంలోని ప్రోటీన్లు ఏ ఆకారంలో ముడుచుకుని ఉంటాయో కంప్యూటర్ ఊహించి గీస్తుంది. ఆ బొమ్మలను పరీక్షించడం ఆమె పని. నమ్మదగిన చోట నీలం వేస్తుంది, నమ్మలేని చోట ఎరుపు. ఎరుపు పడకుండా ఆమె బల్ల దాటిన బొమ్మ లేదు.

"కాకి పిల్ల కాకికి ముద్దు. నాక్కూడా ముద్దు రావాలంటే ఎలా?" అని నవ్వేది.

ఈసారి నవ్వలేదు. వచ్చిన బొమ్మ ఆమె తమ్ముడి కండరాలను ఏడాదికేడాది కరిగిస్తున్న ప్రోటీన్‌ది. అందులో ఒక మెలిక ఉంది. మందు వచ్చి కూర్చోవలసింది దాని ఒడిలోనే. మెలిక నీలమైతే మందు కోసం వెతుకులాట మొదలవుతుంది. ఎరుపైతే ఆ పని అటకెక్కుతుంది.

బొమ్మ గీయించిన సహోద్యోగి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"మెలిక సవరించానక్కా. మార్కులు ఎలా పెరిగాయో చూడండి."

"సవరించే ప్రోగ్రామూ, మార్కులేసే ప్రోగ్రామూ ఒకే బళ్లో చదువుకున్నాయయ్యా. ఒకదాన్నొకటి మెచ్చుకోక ఏం చేస్తాయి?"

ఆమె పద్ధతి ఆమెది. మెలికను కావాలనే చెదరగొట్టి, వేరువేరు చోట్ల నుంచి మళ్లీ సవరింపుకు వదులుతుంది. అన్నీ ఒకే గూటికి తిరిగొస్తే నమ్ముతుంది. కిటికీ అద్దం మీద వాన జారుతుండగా ఫలితాలు వచ్చాయి. ఒక మెలిక లోపలికి వంగింది. ఒకటి బయటికి చాచుకుంది. ఇంకొకటి చలికి ముడుచుకున్నట్టు తనలోకే ముడుచుకుంది. అన్నిటికీ మంచి మార్కులే. ఏ రెండూ ఒకలా లేవు.

సహోద్యోగి తెచ్చిన మొదటి మెలికే అందమైనది. ఎవరికోసమో పరిచి ఉంచినట్టు దాని ఒడి. నీలం వేస్తే అడిగేవాళ్లు లేరు. ఎర్రక్క మాటంటే అక్కడ శిలాశాసనం.

ఆమె వేలు నీలం మీద చాలాసేపు ఆగింది. తర్వాత ఎరుపు నొక్కింది.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు.

"ఏమైందక్కా? నాదీ ఎర్రేనా?"

"ఎర్రేరా."

"ఊరందరికీ ఒక న్యాయం, నాకో న్యాయం చూపించాల్సింది. ఒక్కసారికి."

"చూపించేదాన్నే. ఆ ఒడి అక్కడ లేకపోతేనో? లేని తాళానికి ఏళ్ల తరబడి చెవులు చేస్తూ కూర్చుంటారు."

"కూర్చోనీ. అన్నేళ్లూ నాకు ఆశుండేది కదా."

గుండీ పెట్టబోతే అతను ఆమె చెయ్యి తోసేశాడు. గుండీ కాజా అంచుదాకా వెళ్లింది, జారింది. మళ్లీ వెళ్లింది. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి అతను చేతులు ఒళ్లో పడేసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"పెట్టక్కా."