పగడాల తొట్టిలో రాగి చెంబు

పదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు, కాబట్టి చెప్పడం సులువనుకున్నాను. కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ నన్ను నేను మంచిదాన్ని చేసుకుంటూ రాసుకున్నాను. చించి పారేశాను. ఇది నాలుగోది.

ముందే ఒక మాట. నేను ఓడిపోయిన మనిషిని కాను. తిరుపతి ఎండల్లో, మా నడిమింట్లో, గాజు తొట్టిలో సముద్రపు పగడాలను బతికించినదాన్ని. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోవడం నా వల్ల కాదు. కానీ ఎవరు మెచ్చుకున్నా ఒక మనిషి ముఖం గుర్తొచ్చేది. నవ్వుతూనే మాట మార్చేదాన్ని.

తొంభైల చివరి సంగతి. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. రామేశ్వరం వెళ్ళి, పడవలోంచి నీళ్ళ అడుగున పగడాలు చూసి వచ్చారు. ఆ రోజు నుంచి ఒకటే పట్టు, ఇంట్లో సముద్రం పెట్టాలని. మంచినీళ్ళ చేపలు అందరూ పెంచుతారు, మా ఆయనకు ఉప్పునీళ్ళే కావాలి. ఎదురింటావిడ వచ్చి, ఉంగరంలో పెట్టుకునే పగడమేనా, కాసిన్ని మాకూ ఇస్తారా అని అడిగింది. నేను వారం రోజులు నవ్వాను.

మా ఆయన పట్టుకు తోడు దొరికినవాడు సెల్వం. బస్టాండు వెనక చిన్న చేపల అంగడి. నాకంటే పదేళ్ళు పెద్ద, సెల్వమన్నా అని పిలిచేదాన్ని. తడ ఊరు దాటి సముద్రం దాకా వెళ్ళి, తెల్ల క్యాన్లలో నీళ్ళు తెచ్చి మా తొట్టి నింపాడు. మద్రాసు నుంచి రాళ్ళు, వాటికి అంటుకున్న మెత్తని పగడాలు, ఎర్ర చారల రొయ్యను, రెండు చేపలను తడి గుడ్డల మధ్య పెట్టుకుని బస్సులో ఒళ్ళో మోసుకొచ్చాడు. పగడం రాయి కాదమ్మా, ప్రాణముండేది అని నాకు నేర్పింది ఆయనే. నీళ్ళు ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఉంటే విచ్చుకుంటుంది, ముప్పై దాటితే ముడుచుకుని చస్తుంది అని చెప్పాడు.

మరి మే నెలలో మా ఊళ్ళో ఇంటి లోపలే ముప్పై ఆరు. పగలంతా ఇంట్లో ఉండేది నేను. కాబట్టి ఆ సముద్రాన్ని చల్లగా ఉంచే పని నా నెత్తిన పడింది. మొదట విసుక్కున్నాను, తర్వాత పంతం పట్టాను. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి తొట్టిలో తేలేయడం, కరిగితే మార్చడం, గంటగంటకూ ఉష్ణమాపకం చూడడం. ఏప్రిల్ గడిచిపోయింది, పగడాలు విచ్చుకునే ఉన్నాయి. మా ఆయన ఆఫీసులో అందరికీ చెప్పారు, మా ఆవిడ చెయ్యి పడితే సముద్రమైనా చల్లబడుతుందని. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, దాన్ని పోగొట్టుకోవడం కంటే ఏదైనా చేసి ఉండేదాన్ని. చేశాను కూడా.

మే వచ్చింది, రోళ్ళు పగిలే కత్తిరి ఎండలు మొదలయ్యాయి. సీసాలు చాలలేదు. ప్లాస్టిక్ కదా, చలువ బయటికి రావడానికి గంట పట్టేది. ముల్లు ఇరవై తొమ్మిది మీదే కూర్చుంది. అప్పుడు నాకు రాగి చెంబు మీద బుద్ధి పుట్టింది. పెళ్ళయిన కొత్తలో కాణిపాకం వెళ్ళి కొనుక్కున్నది. రాత్రి అందులో నీళ్ళు పోసి, పొద్దున్నే పరగడుపున తాగడం మా ఇంటి అలవాటు. రాగి చలువ, రాగి శుద్ధి, మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ ఆమెకు చెప్పింది. మనుషులకు అంత మంచిది, పగడాలకు చెడ్డదవుతుందని ఎలా అనుకుంటాను? చెంబు నిండా ఐసు ముక్కలు వేసి తొట్టిలో తేలేశాను. అరగంటలో రెండు డిగ్రీలు దిగింది. వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. నా కిటుకు నాకే ఉండాలని. అయిదు రోజులు అలాగే చేశాను.

మూడో రోజు రొయ్య వెల్లకిలా పడింది. నాలుగో రోజు, రాళ్ళతో పాటు వచ్చి అద్దానికి పాకే నత్తలు రాలిపోయాయి. అయిదో రోజు పగడాలు ముడుచుకున్నాయి, మళ్ళీ తెరుచుకోలేదు, ముట్టుకుంటే జిగురులా చేతికి వచ్చాయి. ఇల్లంతా కంపు. మా ఆయన తొట్టి ముందు పీట వేసుకుని, అన్నం కూడా తినకుండా కూర్చున్నారు. ఆయన ఏడవడం అదే మొదటిసారి చూశాను. చెంబు కడుగుదామని తీసుకువస్తే అడుగున పచ్చగా కిలుం. అరే, ఇదెక్కడిది అనుకున్నాను. చింతపండు వేసి తోమాను. తోముతున్నంతసేపూ లోపల ఏదో గుబులు. పేరు పెట్టడానికి భయపడ్డాను.

సాయంత్రం సెల్వం వచ్చాడు. మా ఆయన అప్పటికి సెల్వం సరుకు మీద అనుమానంతో మండిపోయి ఉన్నారు, పలకరించకుండా బయటికి వెళ్ళిపోయారు. సెల్వం తొట్టిని చాలాసేపు చూశాడు. వేలు ముంచి వాసన చూశాడు. నా వైపు తిరిగాడు.

“సేపలు రెండూ బాగుండాయమ్మా. రొయ్య పోయింది, నత్తలు పోయినాయి, పగడం పోయింది. ఎండకయితే సేపలు గూడా పోవాల గదా. నీళ్ళల్లో రాగి ఏమన్నా తగిలిందా?”

“రాగా?”

“అవునమ్మా. రవ్వంత సాలు. సేపలు తట్టుకుంటాయి, ఇవి తట్టుకోలేవు. సెప్పకపోవడం నా తప్పే. అందుకే అడగతా ఉండా.”

“మా ఇంట్లో రాగి యాడుండాదన్నా? అంతా స్టీలూ ప్లాస్టిక్కే.”

“సరేమ్మా” అన్నాడు.

అంతే. చెంబు వంటింటి గట్టు మీద బోర్లించి ఉంది, తళతళలాడుతూ. ఆయన నిలబడిన చోటికి అది కనిపించిందా? ఈ ప్రశ్న ఎన్ని వందలసార్లు వేసుకున్నానో. కనిపించి ఉంటే ఎందుకు ఊరుకున్నాడు? ఆడమనిషిని మొగుడి ముందు తలదించుకునేలా చేయడం ఇష్టం లేకనా? కనిపించకపోతే, నన్ను నమ్మాడన్నమాట. రెండింటిలో ఏది నిజమైనా నాకు మేలు చేసేది కాదు. నేను తెలియక చేసిన పని తప్పు కాదు, అది పొరపాటు. తెలిసిన తర్వాత ఆడిన మాట తప్పు. చెంబును కాపాడుకోవడానికి ఆడలేదు, ‘మా ఆవిడ చెయ్యి పడితే’ అనే ఆ పొగడ్తను కాపాడుకోవడానికి ఆడాను. ఎంత చిన్న విషయానికి ఎంత పెద్ద అబద్ధం.

మా ఆయన ఊరుకోలేదు. చచ్చే సరుకు అంటగట్టాడని, నీళ్ళల్లో మోసం చేశాడని కనిపించిన వాళ్ళందరికీ చెప్పారు. సెల్వం దగ్గర చేపలు కొనేవాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉంటారు? ఇద్దరు ముగ్గురు లాడ్జి యజమానులు, మా వీధి చివరి పళ్ళ డాక్టరు, ఇంకొందరు. పళ్ళ డాక్టరు తన తొట్టి మొత్తం సెల్వంతోనే పెట్టించుకోవాలనుకుని, మా ఆయన మాట విని మానుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, కాఫీ ఇస్తూ. ఒక్క మాట చాలు. అనలేదు. వానలు పడేసరికి అంగడి మూతపడింది. సెల్వం కుటుంబంతో ఊరు విడిచాడని తెలిసింది.

ఇక్కడితో ఆగి ఉంటే బహుశా నేను మరిచిపోయేదాన్నేమో. కానీ మరుసటి ఏడాది, మళ్ళీ తొట్టి పెడదామన్నది నేనే. మా ఆయన వద్దన్నారు. నేను వినలేదు. పాత అద్దాలు, పాత రాళ్ళు అన్నీ పారేసి, మద్రాసు నుంచి పగడాలు తెప్పించి కొత్తగా మొదలుపెట్టాను. ఈసారి ఐసు ముక్క ముట్టలేదు. సెల్వం ఎప్పుడో చెప్పాడు, ఐసు కంటే గాలి మేలమ్మా, నీళ్ళ మీద గాలి పారితే అవే చల్లబడతాయి అని. అప్పుడు నవ్వి కొట్టిపారేశాను. ఇప్పుడు తొట్టి మూత తీసేసి, నీళ్ళ మీదుగా అడ్డంగా చిన్న ఫ్యాను పెట్టాను. ఆవిరైనంత మంచినీళ్ళు రోజూ పొద్దున కొలిచి పోశాను. కిటికీకి వట్టివేరు తడిక కట్టి తడిపాను. పగడాలకు వెలుతురిచ్చే దీపాలు ఎండ ఎక్కకముందే వెలిగించి, పదకొండు గంటలకు ఆర్పేశాను. పెద్ద మట్టి బానలో నీళ్ళు పోసి, చుట్టూ తడి గోనెలు కట్టి, తొట్టి నీళ్ళు పారే ప్లాస్టిక్ గొట్టాన్ని అందులో చుట్టలుగా ముంచాను. కరెంటాఫీసు మనిషి ఇంట్లో పోయినన్నిసార్లు కరెంటు ఇంకెక్కడా పోదేమో! పోయినప్పుడల్లా నేనూ ఎదురింటావిడా చెరో విసనకర్ర పట్టుకుని నీళ్ళకు విసిరాం. ఇద్దరం చెమటతో తడిసి ముద్దయ్యాం. సముద్రం మాత్రం చల్లగా ఉంది.

ఆ కత్తిరిలో రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంది. మా తొట్టిలో ముల్లు ఇరవై ఏడున్నర దాటలేదు. ఒక్క రోజు కూడా! కత్తిరి వెళ్ళిన పొద్దున, ఒక పగడం పక్కన గోరంత పిల్ల పగడం కనిపించింది. కేక వేశాను. మా ఆయన నురగ నోటితోనే, పళ్ళు తోముకునే బ్రష్షుతో పరుగెత్తుకొచ్చారు. మద్రాసు నుంచి ఉప్పునీళ్ళ చేపలు పెంచేవాళ్ళు పని కట్టుకుని వచ్చి చూసి, చల్లబరిచే యంత్రం లేకుండానా అని నోరు తెరిచారు. నాకు కొమ్ములు మొలిచాయి. ఎందుకు మొలవకూడదు? నేను గెలిచాను.

కానీ వచ్చిన ప్రతి ఒక్కరికీ మా ఆయన కథ మొదటి నుంచి చెప్పేవారు. మొదటి తొట్టిని ఒక మోసగాడు ఎలా ముంచాడో, ఆ తర్వాత నేను ఎలా నిలబెట్టానో. నా గెలుపు చెప్పాలంటే సెల్వాన్ని దొంగను చేయక తప్పదు. ఆయన నేర్పిన గాలితో గెలిచి, ఆయన మీదే బురద చల్లనిచ్చాను. పదేళ్ళు.

నిన్న ఈ కాగితాలు మా ఆయనకు ఇచ్చాను. చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇంతమందికి సెప్పినానే నేను” అన్నారు. చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, పళ్ళ డాక్టరు ఇంటికి బయలుదేరారు. నేను వెనకే వెళ్ళాను. ఆయన నోరు తెరవకముందే, గడప దగ్గరే నిలబడి చెప్పేశాను. మా మొదటి తొట్టిని చంపింది నేను, సెల్వం కాదు అని.

డాక్టరు తలుపు పూర్తిగా తీశాడు. “సెల్వమా? ఎవరమ్మా ఆయన?” అన్నాడు.

మనిషి పేరు కూడా మిగల్చలేదు నేను. లోపలికి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బస్టాండు వెనక ఆయనకొక అంగడి ఉండేదండీ అని మొదలుపెట్టాను.